నవ్వుల పటంలో ముత్యాల వీధి

నవ్వుల పటం మొట్టమొదటిసారి తెర మీదికి వచ్చిన రోజున మా ల్యాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా వేళ్ళు అప్పటికే తెర మీద ఉన్నాయి. శ్రీకాకుళం ఎలా ఉంది, అనంతపురం ఎలా ఉంది అని మిగతావాళ్ళు గోల చేస్తుంటే నేను కాకినాడ మీద వేలు పెట్టి విప్పాను. జిల్లా విచ్చుకుని మండలాలైంది, మండలం వార్డులైంది, వార్డు వీధులైంది. ముత్యాల వీధి దగ్గర ఆగాను. మా అక్క కుముద ఉండే వీధి అది. ముదురు నారింజ. పాకం బాగా ముదిరితే కాజాకి పట్టే రంగు.

తర్వాత మేముండే పోర్టు క్వార్టర్ల వీధి చూశాను. బియ్యం కడిగిన నీళ్ళ రంగు.

నాకేం ఆశ్చర్యం కలగలేదు. ఎన్నేళ్ళుగానో నా కడుపులో కుతకుతలాడుతున్నదాన్ని ఎవరో రంగులేసి గోడకి తగిలించినట్టయింది, అంతే. దాన్ని తయారుచేసిందీ నేనే, రంగులు ఎంచిందీ నేనే కాబట్టి ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

మా ల్యాబ్ పని జిల్లాల లెక్కలకు పటాలు తయారుచెయ్యడం. వాన ఎక్కడెంత కురిసింది, ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కడెక్కువ, బడి మానేసిన పిల్లలు ఏ మండలంలో ఉన్నారు, ఇలాంటివి. అంకెల పట్టికలు ఎవరూ చదవరు. అవే అంకెలు రంగులై, వేలితో తాకితే విచ్చుకుని, పక్క ఊరితో పోల్చి చూపిస్తే మాత్రం ఆఫీసర్లు భోజనం మానేసి చూస్తారు. ఆ రోజుల్లోనే ఇంటింటికీ కొత్త కరెంటు మీటర్లు వచ్చాయి. తీగల్లో నిప్పురవ్వలు లేస్తే ఆ చిటపట విని సరఫరా ఆపడానికి వాటిలో చిన్న చెవి ఒకటి పెట్టారు. చిటపట వినగలిగే చెవి నవ్వు మాత్రం ఎందుకు వినలేదు అన్న ఆలోచన నాది.

ఆ చెవికి నవ్వు నేర్పడానికి నానా తంటాలు పడ్డాం. గోడకి మీటరు బిగించి దాని ముందు దగ్గాం, తుమ్మాం, ఏడిచాం. అది మొదట్లో కుక్కరు కూతని కూడా నవ్వుకింద లెక్కేసింది. మా డైరెక్టర్ జహీరా గారు ఇంటినుంచి కుక్కరు తెచ్చి, ల్యాబ్‌లో పప్పు ఉడికించి మరీ దాని బుర్రలోంచి ఆ కూత తీయించారు. చివరికి పకపకలకీ ఇకిలింపుకీ కూడా తేడా పట్టేంత తెలివి దానికొచ్చింది. మాటలేవీ అది దాచదు, విన్నది విన్నట్టే వదిలేస్తుంది. నవ్వు ఒక్కటే దాస్తుంది, దాంతోపాటు ఆ గొంతు గుర్తు. పటం మీద మాత్రం వీధి దాటి లోపలికి వెళ్ళడానికి లేదు. వీధిలో ఎన్ని నవ్వులు, ఎంతమంది మనుషులు, భాగిస్తే తలకెన్ని, అంతే. ఇంటింటి పొరకి తాళం వేశాం. ఆ తాళానికి రెండు తాళంచెవులు, ఒకటి జహీరా గారి దగ్గర, ఒకటి నా దగ్గర, రెండూ పెడితేనే తెరుచుకుంటుంది.

ఇక మా అక్క సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా మంట మీకు అర్థం కాదు.

మా నాన్నకి పూల పిచ్చి. పెద్దదానికి కుముద అని, నాకు వకుళ అని పేర్లు పెట్టాడు. పువ్వులు రెండే గానీ వాసన అంతా దానికే పోయింది. అక్క నవ్విందంటే వీధి చివరిదాకా వినపడేది. గలగలా నవ్వి, ఊపిరందక, ఆఖర్న చిన్న ఎక్కిలి పెట్టేది. ఆ ఎక్కిలికి మళ్ళీ అందరూ నవ్వేవాళ్ళు. పక్కింటివాళ్ళు పని మానుకుని వచ్చి గుమ్మంలో నిలబడి, ఏంటమ్మా కుముదా మాకూ చెప్పు అనేవాళ్ళు. నేను నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. నా నవ్వుకోసం ఎవరూ గుమ్మంలోకి రాలేదు. క్లాసులో ఫస్టు నాది, ఇంట్లో పేరు దానిది.

పెళ్ళిళ్ళ దగ్గరా అంతే. అక్కకి ప్రభాకర్ బావ దొరికాడు. కాజాల దుకాణం, ముత్యాల వీధి మొగలోనే. కాజాకంటే ఆయన మాటలకోసమే వచ్చేవాళ్ళు ఎక్కువ. ఎవరి నడకైనా, ఎవరి గొంతైనా ఇట్టే దించేస్తాడు. నాకేమో రంగనాథ్ గారు దొరికారు. పోర్టులో క్రేను నడుపుతారు. పైనుండే మనిషికి కిందివాళ్ళ మాట వినపడదు కాబట్టి అక్కడంతా చేతి సైగలే. ఆ సైగలు ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నారు. అన్నం చాలంటే అరచెయ్యి కిందికి తిప్పుతారు. నేను గట్టిగా మాట్లాడితే రెండు చేతులూ పక్కకి చాపుతారు, అంటే మొత్తం పని ఆపెయ్యమని. చెట్టంత మనిషి, చెక్క మొహం. మా ఇంటి మీటరు చెవికి తుప్పు పట్టదా మరి.

ప్రతి ఆదివారం మా భోజనాలు అక్కావాళ్ళింట్లోనే. అక్క గుత్తొంకాయ చేస్తుంది, బావ కబుర్లు చెప్తాడు. ఆయన కబుర్లకి అసలు ముడిసరుకు అక్కే. అక్క బ్యాంకులో ఇంగ్లీషు మాట్లాడబోయి ఎలా తడబడిందో, చీర కుచ్చెళ్ళు పట్టుకుని మెట్లెలా దిగుతుందో, ఫోను చెవికి పెట్టుకుని అటూఇటూ ఎలా వెతుక్కుంటుందో అన్నీ చేసి చూపిస్తాడు. నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేదాన్ని. మా ఇంట్లో వారమంతా రానిది అక్కడ ఒక్క పూటలో వచ్చేది. అక్క వడ్డిస్తూనే ఉండేది. మా ఆయన మాత్రం కంచం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు.

దారిలో నేను ఆయన్ని దులిపేదాన్ని. నలుగురూ నవ్వుతుంటే మొహం మాడ్చుకుని బయటికి పోవడమేంటి, బావని చూసి నేర్చుకోరాదా, ఆయన పెళ్ళాన్ని ఎంతలా గమనిస్తే అంత బాగా దించగలడు, మీరు నా కొత్త చీర అయినా చూశారా అని. ఆయన బండి నడుపుతూ ఒక చెయ్యి ఎత్తి, నెమ్మదిగా దించమన్న సైగ చేసేవారు. అసూయ నాకు అన్నం ముద్దలో కూడా తగిలేది. నన్నెవరూ అంతలా గమనించరే అని.

పటం జనంలోకి వెళ్ళాక జరిగినవి మేం ఊహించలేదు. ముదురు వీధుల్లో అద్దెలు పెరిగాయి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీ తాగకముందే ఫోను తీసి వీధి రంగు చూడటం మొదలుపెట్టారు. వెలిసిపోయిన వీధులవాళ్ళు పొద్దున్నే మీటర్ల కింద చేరి బలవంతంగా హహ్హహ్హ అనేవాళ్ళు. మా మీటరు దాన్ని లెక్కలోకి తీసుకోదని చెప్పినా వినేవారు కాదు. వీధులన్నీ ఎంత బాగున్నా సరే, కొన్ని అట్టడుగు రంగులో ఉండి తీరాలి. ఎందుకంటే మేం వీధులన్నిటినీ అయిదు సమాన వాటాలుగా పంచి రంగులేస్తాం. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు రాష్ట్రంలో లేరు. అయినా పొద్దున లేవగానే నేను చూసేది మా వీధి తెలుపూ అక్క వీధి నారింజే.

ఒకరోజు మధ్యాహ్నం అక్క ల్యాబ్‌కి వచ్చింది. అదెప్పుడూ రాదు. చేతిలో క్యారేజీ, గోంగూర పచ్చడి తెచ్చానంది. కూర్చుని చీర కొంగు మడతలు పెడుతూ, నీతో ఒక మాట చెప్పాలే వకుళా అంది. నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. దీనికి చెప్పుకోవడానికి ఏముంటుంది, ఉన్నదాన్ని చూపించుకోవడానికి తప్ప అనుకున్నాను. దాని నోటికి అడ్డం పడి, ముందిది చూడు అని పెద్ద తెర దగ్గరికి లాక్కుపోయాను. రాష్ట్రాన్నీ జిల్లానీ విప్పి ముత్యాల వీధి చూపించాను. నీకేం లోటే, రాష్ట్రంలో ముందు వరసలో ఉన్నావు, మా వీధి చూడు ఎలా వెలవెలబోతోందో అన్నాను.

అక్క చాలాసేపు చూసింది. వేలు పెట్టి వీధిని ఇంకా విప్పబోయింది. తాళం గుర్తు వచ్చి ఆగిపోయింది.

"ఇందులో నేనెక్కడున్నానే?" అంది.

"మనుషులు కనపడరక్కా. వీధే కనపడుతుంది. సగటు."

"అలాగా," అంది.

చెప్పాలన్న మాట చెప్పకుండానే వెళ్ళిపోయింది. నేనూ అడగలేదు. పచ్చడి మాత్రం అందరికీ పంచాను, బాగుందన్నారు, ఆ మెప్పు కూడా దానికే పోయిందని ఉడుక్కున్నాను.

కొన్నాళ్ళకి పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ నవ్వే వీధికి సన్మానం చేస్తారట. ఆ వీధి ముత్యాల వీధే. అయిదారు ఇళ్ళ చిన్న వీధి. వీధి తరఫున బావా అక్కా వేదికెక్కి శాలువా కప్పించుకుంటారు. పటం గురించి పదిమందికీ విప్పి చెప్పాల్సింది నేను. అంటే నా చేతులతో నేనే మా అక్కని రాష్ట్రంలో అందరికంటే సుఖపడే ఆడదని నిలబెట్టి చూపించాలి. ఆ కాగితం చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

జహీరా గారు ఊళ్ళో లేని రోజు చూసి, అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ నేను తాళం తీశాను. రెండో తాళంచెవి ఆవిడ సొరుగులో ఉంటుందని నాకు తెలుసు. తప్పని కూడా తెలుసు. కానీ నాకు లెక్క కావాలి. వీధి సగటు కాదు, మా అక్క నవ్వు. ఏడాదిలో అది ఎన్నిసార్లు నవ్వింది, నేను ఎన్నిసార్లు నవ్వాను, నాకంటే అది ఎంత ఎక్కువ బతికింది, ఆ అంకె కళ్ళతో చూస్తే గానీ నాకు మనశ్శాంతి ఉండదనిపించింది.

గొంతు గుర్తుకోసం నా పెళ్ళి వీడియో తీశాను. తలంబ్రాలప్పుడు అక్క నవ్విన నవ్వు అందులో ఉంది, ఆఖరి ఎక్కిలితో సహా. దాన్ని యంత్రానికి వినిపించి, ముత్యాల వీధిలో ఆ ఇంట్లో ఏడాది పొడుగునా వెతకమన్నాను.

పోలిక దొరకలేదు అంది.

నేను నవ్వుకున్నాను, నా యంత్రం మీద నాకే జాలేసి. నా నవ్వు ఇచ్చి మా ఇంట్లో వెతకమన్నాను. టక్కున దొరికింది, అరకొరగానైనా. మళ్ళీ అక్కది ఇచ్చాను. దొరకలేదు. వయసుతో గొంతు మారి ఉంటుందని పోలిక పట్టు సడలించాను. దొరకలేదు. ఎక్కిలి ఒక్కటే ఇచ్చి వెతకమన్నాను. అదీ లేదు.

అప్పుడు ఆ ఇంట్లో ఏయే గొంతులు నవ్వాయో వరసగా చూపించమన్నాను. మొదటి గొంతు బావది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఆ ఇంటి నవ్వంతా దాదాపు ఆయనదే. ఆయన నవ్విన తర్వాత ప్రతిసారీ నిశ్శబ్దం. ఎవరూ జత కలపలేదు. ఒకడు నవ్వుతుంటే పక్కనున్న మనిషి ఖాతాలోనూ సగం వేసేసే లెక్క మాది. మిగతా ఇళ్ళలో నవ్వు అంతంతమాత్రమే అయినా, ఆ లెక్కే ముత్యాల వీధిని నారింజ చేసింది.

రెండో గొంతు ఆదివారాల్లో మాత్రమే ఉంది. వినిపించమన్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు.

అది నాది.

తేదీలు చూస్తుంటే ఒక్కో ఆదివారం గుర్తొచ్చింది. అక్క బాత్రూములో జారిపడి కాలు బెణికిన వారం బావ ఆ కుంటడం చేసి చూపించాడు. ఆ రోజు నేను ఎక్కువగా నవ్వాను. ఆ రోజు అక్క కుంటుతూనే పెరుగు వడ్డించింది. ఆ పెరుగు గిన్నె రంగుతో సహా గుర్తుంది నాకు. దాని మొహం మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు. నేను ఆ పూటంతా బావ వైపే చూస్తూ కూర్చున్నాను మరి.

మర్నాడు బావ దుకాణానికి వెళ్ళే వేళ చూసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. అక్క వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేనూ పీట వేసుకుని కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అక్కా నీ నవ్వు పటంలో లేదే అన్నాను. తాళం తీసిన సంగతి చెప్పాను. దానికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతిలో కాయ పక్కన పెట్టింది.

"పటంలో చూసి తెలుసుకున్నావా?" అంది. "ఆదివారం ఆదివారం నా ఎదురుగా కూర్చున్నావు గదే."

అక్కే మెల్లగా చెప్పింది. మొదట్లో అదీ నవ్వేదట. తర్వాత ఎవరూ లేనప్పుడు కూడా ఆయన దాన్ని దించుతూనే ఉన్నాడు. అక్క ఏడిస్తే ఆ ఏడుపు చేసి చూపించేవాడు. ఇంట్లో మాట్లాడటం తగ్గించింది, తర్వాత నడవడానికి కూడా జంకు పుట్టిందట, ఎలా నడిచినా అది సాయంత్రానికి దుకాణంలో నలుగురి ముందూ ఆటయ్యేదని. కొట్టడు, తిట్టడు, తాగడు. ఎవరికి ఏమని చెప్పుకోవాలి. ఆడవాళ్ళ కష్టాలు వినే ఆఫీసుకి ఒకసారి ధైర్యం చేసి వెళ్ళిందట. అక్కడి ఆవిడ అంతా విని, ఏ వీధమ్మా మీది అని అడిగి, ఫోనులో పటం తెరిచింది.

"ఇంత నవ్వే ఇంట్లో ఉండి ఏం కష్టమమ్మా నీకు, మా వీధి చూడు అని తన వీధి చూపించింది. మర్నాడే నీ దగ్గరికొచ్చాను. ఆ పటం చేసింది మా చెల్లే గదా, అది తప్పని చెప్తుందేమో అని. నువ్వూ అదే చూపించావు."

చిక్కుడుకాయ ఈనె నా గోట్లో గుచ్చుకుంది. దాన్ని పీక్కుంటూ కూర్చున్నాను. నా జన్మకి మొదటిసారి దాని మీద అసూయ పడటానికి ఏమీ దొరకలేదు, ఆ ఖాళీ నాకు భయమేసింది. దాన్ని పట్టుకుని ఏడవాలని ఉంది. కానీ నేను ఏడిస్తే ఓదార్చే పని కూడా దానికే పడుతుందని ఊరుకున్నాను.

ఆ వేదిక మాత్రం ఎక్కలేనే అంది అక్క. అంతమంది ముందు ఆయన నన్ను చేసి చూపిస్తాడు, వాళ్ళు నవ్వుతారు, ఇక జన్మలో నా మాట ఎవరూ నమ్మరు అంది.

"మా ఇంటికి వచ్చెయ్," అన్నాను.

"మీ వీధి వెలవెలబోతోందన్నావుగా."

దెప్పింది. అంత దుఃఖంలోనూ దెప్పింది. అయినా బట్టలు సర్దుకుంటానంది. తన పేరు గానీ ఇల్లు గానీ ఎక్కడా బయటికి రాకూడదని మాత్రం ఒట్టు వేయించుకుంది.

జహీరా గారు ఊరినుంచి రాగానే వెళ్ళి తాళం సంగతి, ఎవరిదో చెప్పకుండా ఒక ఇంటి నవ్వంతా ఒక్క గొంతుదేనన్న సంగతీ చెప్పేశాను. ఆవిడ ఒక్క మాట తిట్టలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. చెయ్యి చాపి నా దగ్గరున్న తాళంచెవి తీసుకున్నారు. సభ అయ్యాక నువ్వు ఈ పనిలో ఉండకూడదు వకుళా, ఇంటింటి పొర తెరిచినవాళ్ళని ఉంచితే రేపు మనల్ని ఎవరు నమ్ముతారు అన్నారు. న్యాయమే. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఇల్లు కనపడకుండా, వీధిలో ఎంతమంది గొంతులు నవ్వాయో లెక్క వేయగలవా అని అడిగారు. వేయగలనన్నాను. ఎన్ని నవ్వులు అన్నది వదిలేసి, వందమందిలో నవ్వినవాళ్ళు ఎంతమంది అని లెక్కించాలి. ఒకడు రోజంతా నవ్వినా ఒక్కడే. ఆ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది. రంగుల సోకులో పడి అడగలేదు.

సభ రోజున అక్క పొద్దున్నే పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. మా ఆయన డ్యూటీకి వెళ్తూ ఎదురై, ఏమీ అడక్కుండా పెట్టె అందుకుని లోపల పెట్టి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే సభకి వెళ్ళాను.

హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద బావ పక్కన కుర్చీ ఖాళీ. మీ ఆవిడ రాలేదేమని ఎవరో అడిగితే బావ మైకు పట్టుకున్నాడు. మా ఆవిడ ముస్తాబవుతోందండీ, ఇంకో గంటలో మొదటి కుచ్చెళ్ళు అయిపోతాయి అంటూ లేచి, లేని చీర పట్టుకుని లేని మెట్లు దిగాడు. హాలంతా నవ్వింది. మొదటి వరసలో ఉన్న నన్ను చూసి, ఏం మరదలా, అంతేనా అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన నవ్వు ఒక్క క్షణం తడబడి, మళ్ళీ జనం వైపు తిరిగింది.

బావకి శాలువా కప్పి, నన్ను పిలిచారు. పెద్ద తెర మీద పటం విప్పాను. రాష్ట్రం, జిల్లా, మండలం, వార్డు, ముత్యాల వీధి. ముదురు నారింజ. చప్పట్లు. అప్పుడు చెప్పాను, ఇది సగటండీ, నవ్వులన్నీ పోగేసి తలకింత అని పంచాం, నవ్వనివాళ్ళకి కూడా నవ్వు అంటగట్టాం, ఆ తప్పు నాది, ఇప్పుడు అదే లెక్కని ఇంకోలా అడుగుదాం అని. పక్కనున్న గుర్తు మీద వేలు పెట్టాను. వీధిలో వందమందికి ఎంతమంది నవ్వారు.

రంగులు కదిలాయి. ముత్యాల వీధి నారింజ నుంచి వెలిసి, బియ్యం కడిగిన నీళ్ళకి దగ్గరగా వచ్చి ఆగింది. అదొక్కటే కాదు. వార్డుకి తిరిగొచ్చాను, జిల్లాకి వచ్చాను, రాష్ట్రానికి వచ్చాను. ముదురుగా ఉన్న వీధులు ఎన్నెన్నో అలాగే పాలిపోయాయి. ఏమీ కాదనుకున్న వీధులు కొన్ని రంగు తేరాయి. హాల్లో చప్పట్లు ఆగాయి. ఒక్కొక్కరే ఫోన్లు తీశారు, తమ తమ వీధులు వెతుక్కున్నారు. ఒకావిడ ఫోను చూసుకుని, తల తిప్పి పక్కనున్న భర్తని చూసింది. ఆయన ఇంకా వేదిక వైపే చూస్తున్నాడు. బావ భుజం మీద శాలువా సగం జారింది, దాన్ని సర్దుకోవాలో తియ్యాలో ఆయనకి తెలియలేదు. అందరి ముందూ ఆయన్ని పేరుపెట్టి కడిగెయ్యాలని నా నాలుక దురద పెట్టింది. అక్కకిచ్చిన ఒట్టు గుర్తొచ్చి దిగిపోయాను.

మర్నాటి నుంచి ఆ కష్టాలు వినే ఆఫీసుల్లో పటం చూపించి ఆడవాళ్ళని తిప్పి పంపడం మానేశారని జహీరా గారు చెప్పారు. అక్క మళ్ళీ వెళ్ళింది. ఈసారి దాని మాట రాసుకున్నారు. బావ రెండుమూడు సార్లు మా గుమ్మం దాకా వచ్చాడు, మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ పక్కకి చాపారు, అంతే. ఆ సైగ అర్థం బావకి తెలియకపోయినా తిరిగి వెళ్ళిపోయాడు.

నాకేమో ఉద్యోగం పోయి, ఇంట్లో కూర్చుని, అసూయ మళ్ళీ తన్నుకొచ్చింది. రాదా మరి. అక్క వచ్చిన వారంలోనే నా వంటిల్లు దానిదైపోయింది. పోపుల పెట్టె ఉన్నచోట లేదు. నేను చేసిన పులుసు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బాగుందనని మా ఆయన, దాని పులుసు రెండోసారి పోయించుకున్నారు. కానీ నవ్వు మాత్రం లేదు. అది చిన్న చప్పుడుకి ఉలిక్కిపడేది. ఎవరైనా చూస్తున్నారేమోనని గోడ పట్టుకుని నడిచేది. ఆ గలగల ఇక పోయినట్టేనా అని నాకు లోపల దిగులు.

ఒక సాయంత్రం పెరట్లో అక్క బట్టలు తీస్తోంది. మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి అక్క మీద విరుచుకుపడుతున్నాను. పోపుల పెట్టె ఎక్కడ పెట్టావు, నా ఇంట్లో నా గరిట నాకు కనపడకపోవడం ఏంటి, చిన్నప్పుడు నా రిబ్బన్లు కూడా ఇలాగే సర్దేసేదానివి అని, ఎక్కడెక్కడివో తవ్వి తీస్తున్నాను. అక్క బట్టలు చేతిలో పట్టుకుని, బిక్కమొహం వేసుకుని వింటోంది. ఉన్నట్టుండి దాని చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. దాని పెదవి వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

అది నవ్వింది. ముందు ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత చేతిలో బట్టలన్నీ కింద పడేసి, కడుపు పట్టుకుని, పక్క క్వార్టర్లవాళ్ళు తలుపు తీసి చూసేంత గట్టిగా. ఆఖర్న ఎక్కిలి వచ్చింది. ఆ ఎక్కిలి.

వెనక్కి తిరిగాను. మా ఆయన చెక్క మొహంతో నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పుతున్నారు. సరుకు బరువెక్కువ, నెమ్మదిగా దించు అని అర్థం. నన్ను చూసి చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నారు నా వెనక ఇలా?" అన్నాను.

"పెళ్ళైన దగ్గర్నుంచీ," అన్నారాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నా వెనక అంత నవ్వు పెట్టుకుని నాకు చూపించని మనిషి, దానికి వారంలో చూపించేశాడు. దాని నవ్వు దానికొచ్చింది, పైగా నా మొగుడి చేత. మా నాన్న వాసన అంతా దానికే పోశాడని ఊరికే అన్నానా. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, గట్టు మీద కూలబడి, నవ్వు సర్దుకోబోతోంది. అది ఆగిపోతుందేమోనని నాకు భయమేసింది. అందుకే ఆయనకి వీపు తిప్పి, నడుం మీద చేతులు పెట్టుకుని, పోపుల పెట్టె దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.